రాని మనిషి పద్దు

ముప్పయ్యొక్క ఏళ్ళుగా నాకు తెలిసిన లెక్క ఒక్కటే:
మనిషి వస్తే జమ.
ఎక్స్‌రేకి ఇంత, సూదికి ఇంత,
రాత్రి మంచానికి ఇంత,
ఆగిన గుండె మళ్ళీ కొట్టుకుంటే మరికాస్త.
మా నాన్న రేవులో ఇనుపరాతి వ్యాగన్లు లెక్కపెట్టేవాడు.
నేను ఆస్పత్రిలో దగ్గులు లెక్కపెట్టాను.
ఇద్దరిదీ ఒకటే సుద్దముక్క.

సుపీరియర్ సరస్సు గడ్డకట్టిన జనవరిలో
ఆస్ట్రిడ్ నైగ్రెన్ ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
ఇకనుంచి తలకి ఇంతని ఏడాదికోసారి ఇస్తారట.
మనిషి బాగుంటే మిగిలింది మనది.
నెల తిరక్కుండా మళ్ళీ మంచమెక్కితే
ఖర్చు మనదే, పైన జరిమానా.

ఆ రాత్రి పాత అలవాటుతోనే కూడాను.
ఏ వరస కూడినా ఎర్రసిరాయే.
ఖాళీ మంచం చూస్తే గుండె గుభేలుమనే ఉద్యోగం నాది.
ఇప్పుడు దాన్ని చూసి సంతోషించాలట,
ఈ వయసులో ఎడంచేత్తో సంతకం నేర్చుకోమన్నట్టు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు.
నిజం చెప్పొద్దూ,
ఇన్నాళ్ళూ మేం ఆకులమ్మి బతికాం.
మంచి ఆకులే.
ధర కూడా మంచిదే.

పట్టికలో ఒక పేరు నాలుగుసార్లు కనబడింది.
ఆర్విద్ సల్మేలా, డెబ్బై ఎనిమిది, అలిసిన గుండె, కాళ్ళకి నీరు.
నవంబరు, డిసెంబరు, మళ్ళీ డిసెంబరు, జనవరి.
నిరుడైతే మంచి ఆసామి.
ఈ ఏడు ఏం చెయ్యాలో తెలీక
నర్సు రొక్సాన్ కారెక్కాను.
లెక్కల మనిషికి ఇళ్ళల్లో ఏం పనని ఆవిడ అడగలేదు.
అద్దం మీది మంచు గీకమని చేతికి పలక ఇచ్చింది.

ఆయన వంటింట్లో
ఉప్పుచేపల సీసా, డబ్బా సూపుల బారు,
మందుల పెట్టెలో బుధవారం దాకే ఖాళీ.
మేం వెళ్ళింది శనివారం.
రోజూ బరువు చూసుకోమని డిశ్చార్జి కాగితంలో రాశాం కదా,
లావు అక్షరాల్లో.
"దేంతో చూసుకోను?" అన్నాడు.
స్నానాలగదిలో తుప్పుపట్టిన తూకం,
ముల్లు నూట ముప్పయ్యారు దగ్గర బిగుసుకుపోయి ఉంది.
"అది ఎల్వీ బరువు," అన్నాడు.
"పోయి అయిదేళ్ళు."

కొత్తది ముప్పైరెండు డాలర్లు.
నాలుగు అడ్మిషన్లకి అయింది నలభై తొమ్మిది వేలు.
ఈ తీసివేత చెయ్యడానికి
నాకు ముప్పయ్యొక్క ఏళ్ళు పట్టింది.

ఆఫీసుకొచ్చి చూస్తే దానికి పద్దు లేదు.
పరికరమా? ఆస్పత్రి గోడల మధ్య ఉండదు.
మందా? కాదు.
దానమా? ఆ మాట నాకే నచ్చలేదు.
ఆడిటరు ఫోన్లో గొణిగాడు.
కొత్త వరస గీసి
"రాకుండా చేసిన ఖర్చు" అని రాశాను.
పక్కన జమ గడి ఖాళీ.
రాని మనిషిని ఏ రసీదుతో రుజువు చేస్తాం?

అన్నీ కుదరలేదు.
ఒకామెకి తూకం ఇచ్చాం, వారానికి రెండుసార్లు ఫోన్ చేశాం,
అయినా వచ్చింది. జరిమానా కట్టాం.
రెండో అంతస్తులో పన్నెండు మంచాలు మూసి
అయిదుగురిని పంపేశారు,
అందులో ఒకడు నా దగ్గర బిల్లింగ్ నేర్చుకున్న కుర్రాడు.
ఇదీ రాయాలి. లేకపోతే లెక్క తప్పు.

ఇప్పుడు పొద్దున్నే నా తెర మీదికి బరువులొస్తాయి,
ముప్పై నలుగురివి.
డబ్బు చూడకముందు వాటిని చదువుతాను.
ఆర్విద్: నూట డెబ్బై నాలుగు.
నూట డెబ్బై నాలుగు.
నిన్న నూట డెబ్బై తొమ్మిది.
రొక్సాన్‌కి ఫోన్ చేసింది నేనే.
నీరు తీసే మాత్ర ఒకటి పెంచారు.

ఈ ఉదయం నూట డెబ్బై ఆరు.
కిటికీ బయట రేవులో మంచు పగులుతోంది.
ఆ మూడు పౌన్లని ఏ వరసలో వెయ్యాలో తెలియక
పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.